తొలకరి రాత్రి కుంటగట్టున

పిల్లలను వెంటబెట్టుకొని రాత్రిపూట బయలుదేరడమంటే మనకు సినిమాయో, తిరునాళ్ళో, బంధువుల ఇంట పెళ్ళో జ్ఞాపకం వస్తుంది. కప్పలను చూడడానికి ఒక కుటుంబం కుటుంబమంతా రాత్రి తొమ్మిది గంటలకు బురదలో కాలు పెట్టినదంటే వినేవారు నవ్వడం సహజం. మా అమ్మ కూడా నవ్వినది. కాని ఆ ప్రయాణానికి మూలం నా ఉత్సాహం కాదు, పదేండ్ల మా అమ్మాయి వేసిన ఒక ప్రశ్న. దానికి ఇంటి అరుగుమీద కూర్చునే సమాధానం చెప్పి చూశాను. నమ్మలేదు.

మా స్వగ్రామం అనంతపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్నది. ఏడాది మొత్తంమీద సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకొనే సీమ అది. ఊరికి పడమట, బాట పక్కన ఒక గుంట ఉన్నది. ఏనాడో ఇండ్లకు ఎర్రమన్ను తవ్వుకొనగా ఏర్పడినది. వెడల్పు రెండు కళ్ళాలంత. నిండినా నడిమధ్య పెద్దవారి మోకాలు దాటని లోతు. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో చుక్క నీరుండదు. పిల్లలు అక్కడ బంతి ఆడుకొంటారు, మేకలు పడుకొంటవి. గత సంవత్సరం ఆరుద్ర కార్తె ప్రవేశించిన మూడవనాడు మేము ఊరికి వెళ్ళి ఉండగా, సాయంకాలం ఉరుములతో రెండు గంటలపాటు కుండపోతగా కురిసినది. వాన వెలిసి చీకటి పడేసరికి గుంట దిక్కునుంచి ఒక ఘోష లేచినది. ఒకటి రెండు గొంతులు కావు. ఊరంతా ఆ ధ్వనిలో మునిగిపోయినట్లున్నది.

"నాయనా, పొద్దున మేము అక్కడే ఆడుకొన్నాము. ఒక్క కప్ప కూడా లేదు. ఇంతలోనే ఇన్ని కప్పలు ఎక్కడినుంచి వచ్చినవి?" అన్నది మా అమ్మాయి.

"వానతో పైనుంచి పడినవి. జేజి చెప్పింది" అన్నాడు ఏడేండ్ల తమ్ముడు.

భూమిలోనుంచి వచ్చినవని నేను చెప్పాను. గడ్డపార వేసినా దిగని ఆ నేలలో కప్ప ఎట్లా ఉంటుందని అమ్మాయి అడిగినది. ఇక చూడడమే మార్గమని తోచినది.

ఇటువంటి ప్రయాణానికి సన్నాహం స్వల్పమే అయినా కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. కప్పలు కూడిన చోటికి వాటిని తినే పాములు కూడా వస్తవి. నీరుకట్టె పాముకు విషం లేదు గాని, ఆ దారిలోనే నాగుపాము, కట్లపాము తిరగవచ్చును. కనుక పాదాలను పూర్తిగా కప్పే బూట్లు, చేతిలో ఒక కట్టె, అడుగు వేసే ముందు నేలమీద వెలుగు ఉండవలెను. మేము రెండు టార్చిలు తీసుకొన్నాము. ఒకటి దారికి. రెండవదాని అద్దానికి ఎర్రని గాజుకాగితం చుట్టి రబ్బరు బిగించాము. ఎర్రని వెలుగుకు కప్పలు అంతగా బెదరవు. పిల్లల చేతులకు దోమల మందు పూయవద్దని నా భార్యకు చెప్పాను. ఎందుకో తరువాత చెబుతాను. మా అమ్మ మాత్రం, "కప్పల్ని సూసేకి పోతారా ఎవరన్నా? పామొస్తే ఏం జేస్తావురా?" అని గుమ్మంలో నిలబడినది. మేము మెట్లు దిగేసరికి ఆమె కూడా కొంగు నడుముకు చెక్కి, కట్టె పట్టుకొని మా ముందు నడిచినది.

గుంట ఇంకా యాభై అడుగుల దూరంలో ఉండగా ఘోష ఒక్కసారిగా ఆగిపోయినది. కత్తితో కోసినట్లు నిశ్శబ్దం. మా నడక అదురు వాటికి నేలద్వారా తెలిసిపోయినది. పిల్లలు నిరాశపడ్డారు. దీపాలు ఆర్పి, కదలకుండా నిలబడమన్నాను. ఏడేండ్ల పిల్లవాడిని చీకటిలో పది నిమిషాలు కదలకుండా నిలబెట్టడం కప్పలను తక్కెడలో తూచడంవంటి పనే. జేజి వాడి భుజంమీద చేయి వేసినది. ఐదారు నిమిషాలు గడిచిన తరువాత గుంట అవతలి అంచున ఒకటి, చిన్న గొంతుతో, ధైర్యం చేసినది. దువ్వెన పళ్ళమీద గోరు లాగితే వచ్చే ధ్వని అది. దానికి ఇంకొకటి బదులు పలికినది. తరువాత పది, తరువాత వంద. చివరకు అడుగునుంచి లేచినట్లు పెద్ద గొంతులు కలిసినవి. అప్పుడు ఎర్ర టార్చి వెలిగించాము.

శబ్దంమీద ఆధారపడి బ్రతికే ఉద్యోగంలో ఇరవై ఏండ్లకు పైగా ఉన్నవాడిని. అయినా ఆ గుంపుగానాన్ని అంత దగ్గరనుంచి ఏనాడూ వినలేదు. దూరంనుంచి వింటే అది ఒకే రొద. గట్టున నిలబడి ఓపికగా వింటే విడివిడిగా నాలుగైదు రకాల గొంతులు తెలియవస్తవి. ఆ రాత్రి మా పిల్లలకు కప్పలను కంటితో వెదకడం కంటె ముందు చెవితో వేరుచేయడం నేర్పాను. ఇది రేడియో వినే ఇంటి పిల్లలకు కష్టమేమీ కాదు.

కూసేవి మగకప్పలు. కూత కూసేటప్పుడు కప్ప నోరు తెరవదు. ఇది చాలామందికి తెలియని సంగతి. నోరు, ముక్కుపుటాలు మూసుకొని, ఊపిరితిత్తులలోని గాలిని గొంతు క్రింది సంచిలోనికి తోస్తుంది. దారిలో స్వరతంత్రులు కంపించి ధ్వని పుడుతుంది. సంచిలో నిండిన గాలి వృథా కాదు. అది మరల ఊపిరితిత్తులకు వెళ్ళి, తిరిగి సంచికి వస్తుంది. హార్మోనియం తిత్తికి బయటి గాలి కావలెను. కప్ప తన లోపలి గాలితోనే రాత్రంతా కచేరీ చేయగలదు. ఉబ్బిన ఆ పలుచని సంచి ధ్వనిని చుట్టూ వెదజల్లడానికి సాయపడుతుంది. బొటనవ్రేలంత కప్ప కూత వందల అడుగుల దూరం వినిపించడంలోని కీలకం ఇదే.

ఇన్ని జాతులు ఒకే గుంటలో ఒకేసారి అరిస్తే ఆడకప్పకు తన జాతివాని గొంతు ఎట్లా తెలుస్తుంది? ఈ ప్రశ్న మా అమ్మాయి కాదు, నా భార్య వేసినది. రేడియో పెట్టె ఉన్న ఇంటివారికి దీని సమాధానం సులభంగా బోధపడుతుంది. గాలిలో ఒకేసారి ఎన్నో కేంద్రాల తరంగాలు సాగుతున్నా, మనం ముల్లు ఏ కేంద్రంమీద నిలిపితే ఆ కేంద్రమే పలుకుతుంది. కప్ప చెవి పుట్టుకతోనే తన జాతి కూత ఉండే ధ్వనిస్థాయికి శ్రుతి చేయబడి ఉంటుంది. మిగిలినవి దానికి మందంగా మాత్రమే వినిపిస్తవి. పోర్టోరికో ద్వీపంలో కోకీ అనే చిన్న చెట్టుకప్ప ఉన్నది. దాని కూతలో 'కో' అని ఒక తగ్గు స్వరం, 'కీ' అని ఒక హెచ్చు స్వరం ఉంటవి. మగకప్పల చెవి 'కో' స్వరానికి, ఆడకప్పల చెవి 'కీ' స్వరానికి శ్రుతియై ఉన్నదని 1976లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మొదటి అక్షరం పోటీదారులకు హెచ్చరిక, రెండవది వధువుకు ఆహ్వానం. ఒకే ప్రసారం, ఇద్దరు శ్రోతలు!

ఎర్రని వెలుగులో మొదట కనిపించినవి గోదురుకప్పలు. మన దేశంలోని కప్పలలో ఇవి అతి పెద్దవాటిలో చేరినవి. పదహారు సెంటీమీటర్లదాకా పెరుగుతవి. రంగు తెలియడానికి ఒక్క క్షణం తెల్లని టార్చి వేశాను. పిల్లలిద్దరూ కేక వేశారు. ఏడాది పొడుగునా గడ్డిరంగులో, మట్టిరంగులో ఉండే మగకప్ప ఈ కొద్ది రోజులు నిమ్మపండు పసుపుగా మారుతుంది. గొంతుకు రెండు ప్రక్కల నీలి సంచులు పొంగుతవి. పసుపు దేహంమీద ఆ నీలాన్ని చూచినవారు మరచిపోలేరు. కళాశాలలో జంతుశాస్త్రం చదివిన రోజులలో మేము బల్లమీద పరీక్షించినది ఈ కప్పనే. అప్పట్లో పుస్తకాలలో దాని పేరు రానా టైగ్రీనా. ఇప్పుడు హాప్లోబాట్రాకస్ టైగెరినస్ అంటున్నారు. కోసిన కప్పను మాత్రమే ఎరిగిన నేను కూసిన కప్పను చూడడం నలుబది దాటిన తరువాత జరిగినది.

దువ్వెన ధ్వని చేసినది మైక్రోహైలా అనే చిట్టి కప్ప. రెండున్నర సెంటీమీటర్ల దేహం, సన్నని మూతి, వీపుమీద ముదురు గోధుమరంగు చిత్తరువు. దానిని కనుగొనడానికి మాకు అరగంట పట్టినది. చెవి చూపిన చోట కన్నుకు ఏమీ కనిపించదు. చివరకు మా అబ్బాయి కనిపెట్టినాడు. గడ్డిపరక మొదట్లో, నీటి అంచున, తన తలకంటె పెద్ద బుడగను గొంతుకు కట్టుకొని కూర్చున్నది. ఇంత చిన్నదా ఇంత రొద చేసినదని జేజి ముక్కుమీద వేలు వేసుకొన్నది. గట్టుమీద గరుకు చర్మపు కప్ప ఒకటి కూర్చున్నది. దీపాల క్రింద పురుగులకోసం మన వసారాలలోనికి వచ్చేది ఇదే. కన్నుల వెనుక ఉబ్బెత్తుగా ఉన్నవి విషగ్రంథులు. కుక్క నోట కరచుకొంటే వెంటనే విడిచిపెట్టడానికి కారణం అవే. ముట్టుకొంటే పులిపిరులు వస్తవనే మాటలో నిజం లేదు. అయితే ముట్టినవారు చేతులు కడుగుకొనడం మంచిది.

ఒక గోదురుకప్ప మరొకదాని వీపుమీద ఎక్కి కూర్చున్నది. "అమ్మ కప్ప పిల్లను మోస్తున్నది" అన్నాడు మా వాడు. మోస్తున్నది తల్లియే గాని, పైనున్నది పిల్ల కాదని, తండ్రి అని చెప్పాను. ఆడకప్ప నీటిలో గుడ్లు విడుస్తుంది. మగకప్ప వాటిని నీటిలోనే ఫలవంతం చేస్తుంది. గోదురుకప్ప ఒక్క విడతలో వేల గుడ్లు పెడుతుంది. గరుకు కప్ప గుడ్లు నల్లపూసల దండవలె పొడుగైన జిగురు త్రాడులో ఉంటవి. చెట్టుకప్ప నీటికి పైన, కొమ్మమీదనో గోడమీదనో నురుగు గూడు కట్టి అందులో గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లలు జారి నీటిలో పడతవి.

మా అమ్మాయి ప్రశ్నకు సమాధానం గట్టు అవతల దొరికినది. బండమట్టిలో బొటనవ్రేలు పట్టేంత రంధ్రం, దాని అంచున తాజా మట్టి. కొద్ది దూరంలో, గాలి నింపిన తిత్తివలె గుండ్రంగా, మెడ లేని ఒక కప్ప బరువుగా నడుస్తున్నది. దానిని అరచేతిలోనికి తీసుకొని వెనుక పాదాలు చూపాను. ఒక్కొక్క పాదం అడుగున పలుగు అంచువలె గట్టి బుడిపె ఉన్నది. ఈ కప్ప ముందుకు తవ్వదు. వెనుకకు తిరిగి, కాళ్ళతో మట్టిని ప్రక్కలకు నెడుతూ, కూర్చున్నది కూర్చున్నట్లే భూమిలోనికి దిగిపోతుంది. వానకాలం చివర, నేల ఇంకా మెత్తగా ఉన్నప్పుడే దిగుతుంది. పైన ఎండి రాయి అయినా లోపల కొద్ది చెమ్మ మిగిలి ఉంటుంది. అక్కడ శ్వాస, గుండె వేగం తగ్గించుకొని, దేహంలో దాచిన కొవ్వుమీద నెలల తరబడి బ్రతుకుతుంది. దీనిని గ్రీష్మనిద్ర అంటారు. తొలకరి చెమ్మ, ఉరుముల అదురు, చల్లబడిన నేల దానిని మేల్కొల్పుతవి. పొద్దున మా పిల్లలు బంతి ఆడినది కప్పల ఇంటి కప్పుమీదనే!

కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మంతో పీల్చుకొంటుంది. ఊపిరితిత్తులు ఉన్నా, శ్వాసలో ఒక భాగం తడి చర్మంద్వారానే జరుగుతుంది. అందుచేత ఆ చర్మానికి తగిలిన మందు, నూనె, పురుగుల విషం కూడా లోపలికి పోతవి. దోమల మందు పూసిన చేతులతో కప్పను పట్టరాదన్నది ఇందుకే. మా పిల్లలు గుంటనీటిలో చేతులు తడుపుకొని, ఆ గుండ్రని కప్పను ఒక నిమిషం చూసి, తీసినచోటనే విడిచిపెట్టారు.

ఈ వర్షకాల మేల్కొలుపు మన పెద్దలకు కొత్త కాదు. ఋగ్వేదం ఏడవ మండలంలో నూట మూడవ సూక్తం మొత్తం కప్పలమీదనే ఉన్నది. వసిష్ఠునిది అంటారు. తొలివానకు గొంతు విప్పిన కప్పలను అది వేదం చదివే బ్రాహ్మణులతో పోలుస్తుంది. మా అమ్మకు ఆ సూక్తం తెలియదు. ఆమెకు తెలిసినది కప్పతల్లి ఆట. తన చిన్నతనంలో వానలు పట్టని ఏడు, పిల్లలు రోకలికి వేపమండలు చుట్టి, కప్పను కట్టి, ఇల్లిల్లూ తిరిగేవారట. ప్రతి ఇంటివారూ ఆ రోకలిమీద కడివెడు నీళ్ళు పోసేవారు. "ఆ కప్ప ఏమయ్యేది, జేజీ?" అని అమ్మాయి అడిగినది. మా అమ్మ కొంచెం ఆలోచించి, "విడిసిపెడ్తాంటిమి" అన్నది. అందులో ఎంత నిజమో నేను అడగలేదు.

అమ్మాయి ఇంకొక ప్రశ్న వేసినది. ఊరికి తూర్పున పెద్ద చెరువు ఉన్నది. అందులో కొంత నీరు వేసవిలో కూడా నిలిచినది. దానిని విడిచి, వారంలో ఎండిపోవచ్చునన్న ఈ మన్నుగుంటకు ఎందుకు వచ్చినవి? ఆ రాత్రి విన్న ప్రశ్నలలో ఇది మంచిది. కప్పల జీవితమంతా దీనిమీదనే ఆధారపడి ఉన్నది.

చెరువులో చేపలున్నవి. చేపలకు కప్పగుడ్లు, తోకకప్పలు మెత్తని ఆహారం. ఏటా ఎండిపోయే గుంటలో చేప బ్రతకదు. కనుక ఎండిపోవడమే ఆ గుంటకు ఉన్న గొప్ప గుణం. నీరు నిలవని చోటు పనికిరాని చోటని మనం అనుకొంటాము. తన సంతానాన్ని నమ్మి అప్పగించదగినది అదొక్కటేనని ఈ కప్పలకు తెలుసు. కాని ఆ రక్షణకు మూల్యం ఉన్నది. గుంట ఎండేలోగా తోకకప్ప కాళ్ళు తెచ్చుకొని గట్టు ఎక్కవలెను. చిట్టి మైక్రోహైలాకు అయినా మూడు నాలుగు వారాలు కావలెను. పెద్దవాటికి అంతకంటె ఎక్కువ. అందుకే అవి ఒక్క రోజు కూడా వృథా చేయవు. వాన పడిన రాత్రియే రావడం, ఆ రాత్రియే కూయడం, ఆ రాత్రియే గుడ్లు పెట్టడం. మనకు సంబరంగా వినిపించే ఆ ఘోషలో ఉన్నది తొందర.

చలిదేశాలలో ఇదే నాటకం వసంతంలో జరుగుతుంది. అక్కడ నిద్ర ఎండవల్ల కాదు, మంచువల్ల. అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో మంచు కరిగిన నీరు అడవి పల్లాలలో నిలిచి, వేసవికి ఎండిపోతుంది, వాటిలోనూ చేపలుండవు. శీతకాలం వీడి మొదటి వెచ్చని వాన పడిన రాత్రి, నల్లని దేహంమీద పసుపు చుక్కలుగల సాలమాండర్లు వందలకొలది నేలలోనుంచి వెలువడి ఆ పల్లాలకు నడుస్తవి. వాటితో కలసి వచ్చే అడవికప్ప శీతకాలమంతా ఆకుల క్రింద గడ్డకట్టి పడి ఉంటుంది. గుండె ఆగిపోతుంది, దేహంలోని నీటిలో సగానికి పైగా మంచు అవుతుంది. వసంతంలో కరిగి లేచి నడుస్తుంది. తల్లిదండ్రులు పిల్లలతో లాంతర్లు పట్టుకొని రోడ్లమీద నిలబడి, కార్ల క్రింద పడకుండా వీటిని దాటిస్తారు. మాసచూసెట్స్ రాష్ట్రంలో ఆమ్హెర్స్ట్ అనే ఊళ్ళో 1987లో సాలమాండర్లు దాటడానికే రోడ్డుక్రింద రెండు చిన్న సొరంగాలు కట్టారు. మన దేశంలో సాలమాండర్లు డార్జిలింగు, సిక్కిం మొదలైన ప్రాంతాలలో ఉన్నవి. రోడ్డుమీద నలిగిన కప్పలు మాత్రం మనకు ప్రతి తొలకరికి కొదువ లేదు. ఆ రాత్రి తిరుగుదారిలో తారురోడ్డు దాటేచోట పదకొండు లెక్కపెట్టాము. ఒక లారీ పోయిన తరువాత పదమూడు.

ఆ తరువాతి కథ పిల్లలు విడువలేదు. తొమ్మిదవనాడు, ఆదివారం, మరల ఊరికి వెళ్ళాము. గుంటలో తోకకప్పలు వేలు ఉన్నవి. మైక్రోహైలా పిల్లలు గాజువలె పారదర్శకమైనవి. లోపలి పేగుల చుట్ట కనిపిస్తుంది. గోదురుకప్ప పిల్లలు ముదురు రంగువి, బలిష్ఠమైనవి, మాంసాహారులు. దోమ పిల్లలను, ఇతర తోకకప్పలను, అవసరమైతే తోబుట్టువులను కూడా తింటవి. ఈ సంగతి అబ్బాయికి నచ్చలేదు. గుంట అంచు గట్టునుంచి రెండు బారలు వెనుకకు పోయినది. ఆరుద్ర తరువాత చినుకు పడలేదు.

పదహారవనాడు నీరు సగం. ఇరవై ఒకటవ నాడు నడిమధ్య మంచమంత మడుగు. అందులో తోకకప్పలు ఉడుకుతున్న గింజలవలె కదులుతున్నవి. కొన్నిటికి వెనుక కాళ్ళు మొలిచినవి.

కాళ్ళు మొలవడానికి కారణం మెడలోని అవటు గ్రంథి, అనగా థైరాయిడు. 1912లో గూడర్నాచ్ అనే శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు పశువుల థైరాయిడు గ్రంథిని ఆహారంగా పెట్టగా, అవి అకాలంలోనే కప్పలుగా మారినవి, కాని ఈగలంత చిన్నవి. ప్రకృతిలో కూడా ఇటువంటిది జరుగుతుంది. మడుగు కుంచించుకొని ఆహారం తగ్గితే చాలా జాతుల తోకకప్పలలో ఈ గ్రంథి చురుకై మార్పు త్వరపడుతుంది. కొద్ది రోజులు కలసివస్తవి. దేహం మాత్రం చిన్నది అవుతుంది, చిన్న కప్ప ఎండకు, శత్రువులకు తేలికగా చిక్కుతుంది. ఉండి ఎదగడమా, త్వరపడి బయటపడడమా అనే లెక్క ఆ బురదలో ప్రతి దినం జరుగుతుంటుంది. తోక ఊడిపోదు, దేహంలోనే కరిగి, ఆ కొద్ది రోజులకు ఆహారం అవుతుంది, ఎందుకంటే పేగులు, నోరు మారుతున్న సమయంలో అది ఏమీ తినలేదు.

పిల్లలు గుంటకు బోరునీరు పెట్టమని పట్టుపట్టారు. గుంట యజమాని మా అమ్మకు వరుసకు తమ్ముడు, నాకు మామ. ఆయన బోరు ఆ ప్రక్క చేనిలోనే ఉన్నది. నేను సందేహించాను. ఏటా సగం గుంటలు ఎండుతవి, సగం కప్పలు పోతవి. అందుకే వేల గుడ్లు పెట్టడం. ప్రకృతి లెక్కలో మనం చేయి పెట్టవచ్చునా అని మా అమ్మాయికి చెప్పబోయాను. "రోడ్డుమీద లారీ పోవడం ప్రకృతి లెక్కా?" అన్నది. నా వద్ద జవాబు లేదు. మామను అడగడానికి వెళ్ళాము.

ఆయన విని నవ్వి, అసలు సంగతి చెప్పినాడు. "ఆ గుంట పూడ్పించేస్తాండా అల్లుడా. పదిహేను ట్రాక్టర్ల మన్ను మాట్లాడినా. దోమలు, పాములు. బాట పక్కన షెడ్డు ఏసుకుంటే శనక్కాయ పెట్టుకునేకి అయితాది." ఆయన మాటలో అన్యాయం ఏమీ లేదు. స్థలం ఆయనది, పంటకు నీడ కావలెను. నేను దోమలను గురించి చెప్పాను. గుంటలో తోకకప్పలు, పెరిగిన కప్పలు ఉన్నంతకాలం దోమపిల్లలకు, చేని పురుగులకు శత్రువులు ఉన్నట్లే. 1980 ప్రాంతాలలో మన దేశంనుంచి ఏటా వేల టన్నుల కప్పకాళ్ళు విదేశాలకు పోయేవని, అందులో గోదురుకప్పలే ముఖ్యమని, పొలాలలో కప్పలు తగ్గుతున్నవనే ఆందోళన పెరిగి 1987లో ఎగుమతిని నిషేధించారని కూడా చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. నా ప్రసంగం కంటె మా అమ్మ ఒక్క మాట ఎక్కువ పనిచేసినది. "పిల్లోళ్ళు అడిగినారు గదరా, ఈ నెలన్నా ఉండనీ." నీళ్ళు మాత్రం ఆయన పెట్టలేదు. వేరుశనగకే చాలడం లేదన్నాడు. అది కూడా నిజమే.

ఇరవై నాలుగవనాడు రాత్రి ఒక జల్లు పడినదని అమ్మ ఫోనులో చెప్పినది. గొప్ప వాన కాదు. మడుగు తిరిగి చాపలంత అయినది. ముప్పయ్యవ నాడు మేము వెళ్ళేసరికి గోదురుకప్ప పిల్లలు ఎక్కువభాగం చనిపోయి అంచున ఎండిపోయి ఉన్నవి. కొంగలు వాటిని ఏరుకొంటున్నవి. తడిమట్టి పగుళ్ళలో మాత్రం గోరంత కప్పపిల్లలు, కొన్నిటికి ఇంకా తోక మిగిలి ఉన్నవి, గంతులు వేస్తున్నవి. అమ్మాయి మోకాళ్ళమీద కూర్చుని లెక్కపెట్టసాగినది. నూట నలభై దాకా లెక్కపెట్టి, అవి చెల్లాచెదరై పోతుండగా మానుకొన్నది. అందులో గోదురుకప్ప పిల్లలు నాలుగే.

ఈ ప్రసంగం వ్రాస్తున్నప్పుడు రోహిణి కార్తె నడుస్తున్నది. సంక్రాంతి తరువాత మామ బాటవైపు సగం గుంటను పూడ్పించి షెడ్డు వేసినాడు. పడమటి సగం అట్లాగే ఉన్నది. ట్రాక్టరు మన్ను చాలలేదో, అమ్మ మాట జ్ఞాపకం ఉన్నదో ఆయన చెప్పలేదు. నేల పలకలు పలకలుగా పగిలి ఉన్నది. నిన్న అబ్బాయి ఎర్ర గాజుకాగితం ఎక్కడ పెట్టామని అలమారలన్నీ వెదికినాడు.